సలమాంకాలో ఎక్స్ఛేంజ్ సెమిస్టర్: తరచుగా అడిగే ప్రశ్నలు

స్పెయిన్‌లో నేటికీ నడుస్తున్న విశ్వవిద్యాలయాల్లో అన్నిటికన్నా పాతది సలమాంకాది, 1218లో మొదలైంది. ఊరు చిన్నది. జనాభా లక్షన్నర లోపే, ఈ చివర నుంచి ఆ చివరకు నడిచే వెళ్లొచ్చు. విద్యార్థులకు బాగా అలవాటుపడ్డ ఊరు కాబట్టి ఇక్కడ బతకడం కష్టమేమీ కాదు. ఇబ్బందల్లా పనుల వరసలోనే వస్తుంది. ముందు అద్దె ఒప్పందం, తర్వాత మున్సిపాలిటీలో చిరునామా నమోదు, ఆ తర్వాత పోలీసుల దగ్గర గుర్తింపు కార్డు. ఈ వరస తప్పితే సెప్టెంబరులో తెమలాల్సిన పని డిసెంబరు దాకా సాగుతుంది.

నా క్లాసులు నిజంగా సలమాంకాలోనే ఉంటాయా?

గది వెతకడానికి ముందే ఇది తేల్చుకోండి. సలమాంకా విశ్వవిద్యాలయానికి సమోరా, ఆవిలా, బేహార్ ఊళ్లలో కూడా క్యాంపస్‌లున్నాయి. ఇంజినీరింగ్ కోర్సుల్లో కొన్ని అక్కడే జరుగుతాయి. బేహార్ అయితే దక్షిణాన సుమారు 70 కిలోమీటర్లు, కొండల్లో ఉంటుంది. రోజూ వెళ్లి రావడం కుదిరే పని కాదు. మీ అడ్మిషన్ లెటర్‌లో విశ్వవిద్యాలయం పేరుతో సరిపెట్టుకోకుండా ఏ ఫ్యాకల్టీ, ఏ ఊరు అన్నది చూడండి.

ఊళ్లో ఉన్నవాటిలో సాహిత్యం, భాషలు కెథీడ్రల్ ఎదురుగా ఉన్న ఆనయా చౌకులో. లా, ఎకనామిక్స్, మెడిసిన్, ఫార్మసీ పడమటి వైపు మిగెల్ దె ఉనమూనో క్యాంపస్‌లో. ఊరి నడిమధ్య చౌకు ప్లాసా మయోర్ నుంచి ఆ క్యాంపస్‌కు ఇరవై నిమిషాల నడక.

వీసా ఏది తీసుకోవాలి?

ఎన్ని రోజులు ఉంటారన్న దాన్నిబట్టి. 90 రోజుల లోపైతే షెంగెన్ స్వల్పకాలిక వీసా చాలు. 90 నుంచి 180 రోజులైతే డి రకం స్టూడెంట్ వీసా కావాలి. ఉండే కాలమంతా దాని మీదే రాసి ఉంటుంది కాబట్టి ఇక్కడికొచ్చాక కార్డు అక్కర్లేదు. ఆరు నెలలు దాటితే వీసాతో పాటు ఇక్కడ గుర్తింపు కార్డు కూడా తీసుకోవాలి. దాన్ని టీఐఈ అంటారు. ఒక్క సెమిస్టర్‌కు వచ్చేవాళ్లు తమ తేదీలు 180కి ఇటా అటా అన్నది లెక్క చూసుకోవాలి. సెప్టెంబరు మొదట్లో వచ్చి, రెండో విడత పరీక్షల కోసం ఫిబ్రవరి దాకా ఉంటే హద్దు మీద ఉన్నట్టే.

హైదరాబాద్‌లో స్పెయిన్ వీసా దరఖాస్తులు తీసుకునే బీఎల్ఎస్ కేంద్రంలో దరఖాస్తు ఇవ్వొచ్చు. క్లాసులు మొదలవడానికి మూడు నెలల ముందే కాగితాలు కదిలించండి. ఎక్కువ ఆలస్యం జరిగేది పోలీస్ క్లియరెన్స్ దగ్గర. 180 రోజులు దాటే వీసాకు అది తప్పనిసరి. పాస్‌పోర్ట్ సేవ ద్వారా తీసుకుని, విదేశాంగ శాఖ అపోస్టిల్ (కాగితం అసలైనదేనని వేరే దేశాలకు ధ్రువీకరించే ముద్ర) వేయించి, ఆ తర్వాత స్పానిష్‌లోకి అధికారిక అనువాదం చేయించాలి. అపోస్టిల్ ముద్ర కూడా అనువాదంలో రావాలి కాబట్టి అనువాదం ఎప్పుడూ చివర. ముందే చేయిస్తే రెండోసారి డబ్బు కట్టుకోవాల్సి వస్తుంది.

ఖర్చులకు డబ్బుందని చూపేటప్పుడు లెక్క ఐప్రేమ్ అనే స్పెయిన్ ప్రభుత్వ ఆదాయ సూచిక మీద నడుస్తుంది. 2025లో అది నెలకు 600 యూరోలు. ఉండే నెలలతో గుణించుకోండి. ఇన్సూరెన్స్ విషయంలో రెండు మాటలు గట్టిగా చూడండి: రోగి చేతి నుంచి వాటా కట్టే పని ఉండకూడదు, స్పెయిన్‌లో పనిచేసే కంపెనీదై ఉండాలి. చౌకగా దొరికే ట్రావెల్ ఇన్సూరెన్స్ చాలామందికి ఇక్కడే తిరుగుటపాలో వస్తుంది.

ఇంటిపేరు, పేరు ఏ గడిలో రాయాలి?

మన పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండటమో, ఇంటిపేరు, పేరు కలిసి ఒకే గడిలో పడటమో మామూలే. స్పెయిన్ ఫారాల్లో మూడు గడులుంటాయి: పేరు, మొదటి ఇంటిపేరు, రెండో ఇంటిపేరు. స్పెయిన్‌వాళ్లకు తండ్రివైపు ఒకటి, తల్లివైపు ఒకటి ఉంటాయి. మీకు రెండోది ఖాళీ. వెబ్‌సైట్ ఒప్పుకోకపోతే తల్లి ఇంటిపేరు తెచ్చి ఇరికించకండి. అది ఆ తర్వాత ప్రతి కాగితంలోనూ వెంటాడుతుంది.

వీసా స్టిక్కర్ మీద ఎలా అచ్చయిందో ఒక కాగితం మీద రాసుకుని, అద్దె ఒప్పందంలో, మున్సిపాలిటీలో, పోలీసుల దగ్గర, బ్యాంకులో అక్షరం పొల్లుపోకుండా అదే వాడండి. ఒకచోట మధ్యపేరు వదిలేసి ఇంకోచోట రాస్తే కార్డు పని ఆగుతుంది.

మాడ్రిడ్ నుంచి ఎలా చేరుకోవాలి?

బరాహాస్ విమానాశ్రయం నుంచే సలమాంకాకు నేరుగా బస్సులున్నాయి. పెద్ద పెట్టెలుంటే ఇదే సుఖం. ఊళ్లోంచి అయితే మెందెస్ ఆల్వరో బస్‌స్టేషన్ నుంచి రెండున్నర, మూడు గంటల ప్రయాణం. చమార్తిన్ స్టేషన్ నుంచి వేగం రైలు సుమారు గంటా నలభై నిమిషాల్లో చేరుస్తుంది. అదే దారిలో మెల్లగా వెళ్లే రైళ్లు కూడా ఉన్నాయి కాబట్టి టికెట్ కొనేముందు చేరే సమయం చూడండి. విమానం రాత్రి పొద్దుపోయాక దిగితే ఆ రాత్రి మాడ్రిడ్‌లో ఆగడం మంచిది.

ఫ్రాంక్‌ఫర్ట్ లాంటి చోట మారి వస్తే ఇమిగ్రేషన్ అక్కడే అయిపోతుంది, స్పెయిన్‌లో ఎవరూ ఆపరు. అలాంటప్పుడు మాడ్రిడ్ విమానం బోర్డింగ్ పాస్ పారేయకండి. స్పెయిన్‌లో ఎప్పుడు అడుగుపెట్టారో చెప్పే రుజువు మీ దగ్గర అదొక్కటే.

గది ఎక్కడ వెతకాలి, ఎంత అవుతుంది?

విద్యార్థులు ఎక్కువగా ఉండేది పంచుకున్న ఫ్లాట్లలో. గదికి నెలకు సుమారు 250 నుంచి 400 యూరోలు. పాత ఊరి నడిబొడ్డు ఖరీదు, పైగా శుక్ర, శనివారాల్లో తెల్లవారే దాకా వీధుల్లో సందడి. ఉనమూనో క్యాంపస్‌కు వెళ్లేవాళ్లకు సాన్ బెర్నార్దో, బార్రియో దెల్ ఓయెస్తే చుట్టుపక్కల వీలుగా ఉంటాయి. గర్రీదో, ప్రోస్పెరిదాద్ కాస్త దూరమైనా అద్దె తక్కువ. ఐడియలిస్తా, మిలానూన్సియోస్ సైట్లలో ప్రకటనలుంటాయి. విశ్వవిద్యాలయానికి సొంత వసతి విభాగం ఉంది, అక్కడా అడగండి.

మొదటి వారం హాస్టల్లో దిగి, గదులు కళ్లారా చూసి ఒప్పుకోవడమే సరైన పద్ధతి. చూడకుండా డబ్బు పంపమనేవాళ్లు, తాళం పోస్టులో పంపుతామనేవాళ్లు, "నేను వేరే దేశంలో ఉన్నాను" అనే యజమానులు దాదాపుగా మోసమే. ఒక నెల అద్దెంత డిపాజిట్ అడగడం మామూలు, దాన్ని ఫియాన్సా అంటారు.

గది చూసేటప్పుడు ఏం అడగాలి?

అన్నిటికన్నా ముందు: ఈ చిరునామా మీద నమోదు చేసుకోనిస్తారా? కాదంటే ఆ గది ఎంత బాగున్నా వదిలేయండి.

తర్వాత హీటింగ్. ఈ ఊరు సముద్రమట్టానికి 800 మీటర్ల ఎత్తున ఉంది. నవంబరు నుంచి మార్చి దాకా రాత్రిళ్లు తరచూ సున్నా కిందికి పోతుంది. సెప్టెంబరు ఎండలో గది చూసేవాళ్లకు ఈ ఆలోచన రాదు, జనవరిలో తెలుస్తుంది. భవనం మొత్తానికి ఒకే హీటింగ్ ఉంటే నిర్ణీత గంటల్లో రేడియేటర్లు వేడెక్కుతాయి, ఖర్చు సాధారణంగా అద్దెలో కలిసే ఉంటుంది. మీకిది మేలు. విడిగా గ్యాస్ బాయిలర్ ఉంటే ఎంత కాల్చితే అంత బిల్లు, ఫ్లాట్‌మేట్లతో పంచుకోవాలి. ఎలక్ట్రిక్ హీటర్లు మాత్రమే ఉంటే ఆ చలికాలం బిల్లు గది అద్దెలో మూడో వంతుకు కూడా చేరొచ్చు. కొన్ని పాత ఇళ్లలో నీళ్లకూ వంటకూ నారింజ రంగు బ్యూటేన్ సిలిండర్ వాడతారు. అది 12.5 కిలోలు. లిఫ్ట్ లేని నాలుగో అంతస్తుకు ఎవరు మోస్తారో ముందే అడగండి.

"ఖర్చులు కలిపే" అంటే ఏ ఖర్చులో రాయించుకోండి. కరెంటు, నీళ్లు, గ్యాస్, ఇంటర్నెట్ అన్నీ వేరువేరుగా. కలిపే అన్నచోట కూడా నెలకు ఇంతవరకే అనే హద్దు ఒప్పందం చివర్లో చిన్న అక్షరాల్లో ఉంటుంది.

వంట చేస్తుంటే కరెంటు పోతోంది, ఎందుకు?

స్పెయిన్‌లో ప్రతి ఇంటికీ ఇన్ని కిలోవాట్లే వాడాలని ఒప్పందం ఉంటుంది. విద్యార్థుల ఫ్లాట్లలో 3.45 లేదా 4.6 కిలోవాట్లు మామూలు. గాజుపలక పొయ్యి మీద రెండు గుండ్రాలు పూర్తి వేడిలో పెడితేనే సుమారు 3 కిలోవాట్లు. ఓవెన్ 2, వాషింగ్ మెషీన్ నీళ్లు కాచేటప్పుడు 2, గీజర్ ఒకటిన్నర. ఒకరు అన్నం పెట్టి, ఇంకొకరు బట్టలు వేసి, మూడోవారు గదిలో హీటర్ పెడితే మీటరే కత్తిరించేస్తుంది.

అలా పోయినప్పుడు పెద్ద లోడ్లన్నీ ఆపి, తలుపు పక్కనుండే స్విచ్ పెట్టెలో మెయిన్ స్విచ్ కిందికి దించి, కొన్ని సెకన్లాగి పైకెత్తండి. పెట్టెలో టెస్ట్ బటన్ ఉన్న స్విచ్ పడిపోయి ఉంటే కారణం లోడ్ కాదు, ఎక్కడో కరెంటు లీకవుతోంది. ప్లగ్గులన్నీ తీసి, స్విచ్ ఎత్తి, ఒక్కొక్కటే పెట్టి చూడండి. ఏది పెడితే పడుతుందో అదే పాడైన వస్తువు.

ఇదే పొయ్యి మీద గుండ్రటి అడుగున్న మూకుడు పనిచేయదు. అడుగు చదునుగా ఉండాలి. ఇండక్షన్ అయితే అయస్కాంతం అంటుకునే గిన్నే కావాలి, ఇంటి నుంచి తెచ్చిన అల్యూమినియం కుక్కర్ వేడెక్కదు. వోల్టేజ్ మనలాగే 230, కాబట్టి చిన్న మిక్సీ తెచ్చుకోవచ్చు. మూడు పిన్నుల ప్లగ్గుకు మాత్రం అడాప్టర్ కావాలి.

పద్రోన్ అంటే ఏమిటి, ఎలా చేయించుకోవాలి?

మున్సిపాలిటీ జనాభా పట్టీలో మీ చిరునామా నమోదు. స్పెయిన్‌లో నివసించే ప్రతి ఒక్కరికీ చట్టప్రకారం ఇది బాధ్యత, అందుకే అద్దె ఒప్పందం చేతిలో ఉన్నవాళ్లను యజమాని ఆపలేడు. టీఐఈకి, చాలా బ్యాంకులకు ఇదే పునాది. ముందు అపాయింట్‌మెంట్ తీసుకోవాలి, దాన్ని సితా ప్రేవియా అంటారు. పాస్‌పోర్ట్, అద్దె ఒప్పందం, వాటి జిరాక్సులు, నింపిన ఫారం పట్టుకెళ్లండి. ఫ్లాట్ ఇంకొకరి పేరు మీదుండి వారి దగ్గర గది తీసుకుంటే ఆ వ్యక్తి సంతకంతో అనుమతి, వారి గుర్తింపు కార్డు కాపీ కావాలి.

తిప్పి పంపేది ఎక్కువగా చిరునామా వల్లే. వీధి, నంబరు, అంతస్తు, తలుపు అక్షరం నాలుగూ ఉండాలి. "బాహో" అంటే మన గ్రౌండ్ ఫ్లోర్, "ప్రిమేరో" దాని పైది. ఒప్పందంలో తలుపు అక్షరం రాయడం మరిచిపోయే యజమానులు చాలామంది, సంతకం పెట్టేముందే చూసుకోండి.

సెప్టెంబరు 8 ఇక్కడ స్థానిక సెలవు, ఆ చుట్టూ ఊరి తిరునాళ్లు. ఆ వారంలో ఆఫీసు పనులు పెట్టుకోకండి.

టీఐఈ కార్డుకు ఏమేం కావాలి?

ఆరు నెలలకు పైగా ఉండేవాళ్లు దేశంలో అడుగుపెట్టిన నెలలోపు దరఖాస్తు చేయాలి. దీనికీ ఆన్‌లైన్‌లో అపాయింట్‌మెంట్ తీసుకోవాలి. సలమాంకా ప్రావిన్స్ ఎంచుకుని, పోలీసుల పనుల్లో వేలిముద్రలది పట్టుకోవాలి. ఖాళీలు లేవని చూపిస్తే నిరాశపడకండి, విడతలవారీగా తెరుస్తారు. పొద్దున్నే చూస్తూ ఉండండి. దొరకలేదని చూపే స్క్రీన్‌షాట్లు తేదీతో సహా దాచుకోవడం మంచిది.

తీసుకెళ్లాల్సినవి: నింపిన ఈఎక్స్-17 ఫారం, పాస్‌పోర్ట్, వీసా పేజీల జిరాక్సులు, పద్రోన్ పత్రం, అడ్మిషన్ లెటర్, ఫోటో, 790 మోడల్ 012 కోడ్ కింద రుసుము కట్టిన రసీదు. రుసుము ఫారాన్ని ఆన్‌లైన్‌లో నింపి ప్రింట్ తీసి బ్యాంకులో కట్టాలి. బ్యాంకుల్లో నగదు కట్టించుకునేది పొద్దుటిపూటే, కొన్నిట్లో వారంలో కొన్ని రోజులే. అపాయింట్‌మెంట్ రోజున కడదాంలే అనుకుంటే పని చెడుతుంది. ఫోటో 26 × 32 మిల్లీమీటర్లు, తెల్ల నేపథ్యం. మన పాస్‌పోర్ట్ సైజు ఫోటోలు దీనికి పనికిరావు.

కార్డు చేతికి రావడానికి నెలా, నెలన్నర. ఈలోగా వీసా గడువు అయిపోయి మీరు ఇండియా వెళ్లాల్సి వస్తే తిరిగొచ్చే అనుమతి పత్రం ముందే తీసుకోవాలి, దానికి ఈఎక్స్-13 ఫారం. క్రిస్మస్ సెలవులకు ఇంటికెళ్దామనుకునేవాళ్లు నవంబరులోనే దీన్ని చూసుకోవాలి.

పెట్టెలో ఏ వంటసామాను తేవచ్చు?

యూరోపియన్ యూనియన్ బయటి నుంచి మాంసం, పాల పదార్థాలు వెంట తేవడం నిషిద్ధం. అంటే చికెన్ పచ్చడి, గోంగూర మటన్, నెయ్యి, పాలకోవా, పాలపొడి రావు. దొరికితే పారేస్తారు, జరిమానా కూడా ఉండొచ్చు. అమ్మ ఎంత ప్రేమగా కట్టి ఇచ్చినా నెయ్యి సీసా ఇంట్లోనే ఉంచండి. చేపలు, రొయ్యల పదార్థాలకు 20 కిలోల వరకు అనుమతి ఉంది. పచ్చి కరివేపాకు, పచ్చిమిరపకాయల లాంటి తాజా మొక్కలకు, కూరగాయలకు మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి కాబట్టి వాటి జోలికి పోవద్దు. కరివేపాకు పొడి చేసుకుని తెచ్చుకోండి. కందిపప్పు, చింతపండు, కారం, ఆవాలు, ఇంగువ, ఇడ్లీ రవ్వ, ఆవకాయ: వీటికే బరువు కేటాయించండి.

కందిపప్పు అయిపోయాక పొట్టు తీసిన ఎర్ర పప్పు వాడుకోవచ్చు, పావుగంటలో మెత్తబడి చారుకూ పప్పుకూ సరిపోతుంది. సలమాంకా పక్కనే లా ఆర్మూన్యా పప్పుకు పేరుగన్న నేల. పొట్టుతో ఉండే ఆ పప్పు పులుసులకు బాగుంటుంది, విరిగిపోదు. శనగపిండి సూపర్‌మార్కెట్లలోనే దొరుకుతుంది. ఎర్రటి పిమెంతోన్ పొడిని కారమనుకుని వేయకండి, ఘాటు రకంలో కూడా మన కారం ఉండదు. బియ్యంలో పొట్టి గుండ్రటి రకం ముద్దవుతుంది, బాస్మతి కొనండి. పెరుగు కొనేటప్పుడు "నతురాల్" పక్కన "అసుకరాదో" అని ఉంటే చక్కెర కలిపినది. చలికాలం ఇంట్లో తోడు వేస్తే రేడియేటర్ పక్కన పెడితే గానీ తోడుకోదు.

శాకాహారులు బయట ఏం తినగలరు?

మాంసం లేదు అంటే సరిపోదు. ఇక్కడ చాలామంది లెక్కలో హమోన్ (ఉప్పు పట్టించి ఆరబెట్టిన పంది తొడ) ముక్కలు, ట్యూనా చేప "మాంసం" కిందికి రావు. సలాడ్‌లో ట్యూనా, పప్పులో చోరీసో (పంది మాంసం సాసేజ్), కూరగాయల సూపులో మాంసం మరిగించిన నీళ్లు ఉండటం మామూలు. "నో కోమో కార్నే, ని హమోన్, ని పెస్కాదో, ని ఆతూన్" (మాంసం, హమోన్, చేప, ట్యూనా ఏవీ తినను) అని విడమరచి చెప్పండి. ఈ ప్రాంతపు ఫరినాతో అనే సాసేజ్ పైకి రొట్టెముద్దలా కనిపించినా అందులో పంది కొవ్వు ఉంటుంది. ఒర్నాసో అనే పెద్ద రొట్టె లోపలంతా పంది మాంసమే. గొడ్డు మాంసం తిననివాళ్లు "తెర్నేరా", "వాకా" మాటలు గుర్తుంచుకోండి. కొన్ని కేకుల్లో, బిస్కెట్లలో "మాంతేకా దె సెర్దో", అంటే పంది కొవ్వు ఉంటుంది, అట్ట వెనక చదవండి.

గుడ్డు తినేవాళ్లకు బంగాళాదుంప తోర్తీయా (మందపాటి ఆమ్లెట్) ఎక్కడైనా దొరికే ఆసరా. మధ్యాహ్నం భోజనం రెండు నుంచి నాలుగు వరకు, రాత్రిది తొమ్మిది దాటాకే. సాయంత్రం ఆరింటికి వంటగది తెరిచి ఉన్న హోటల్ దొరకడం కష్టం. సూపర్‌మార్కెట్లు చాలావరకు ఆదివారం మూసే ఉంటాయి, శనివారమే కొనుక్కోండి.

క్లాసులు ఇంగ్లీషులో ఉంటాయా?

కొన్ని ఉంటాయి, ఎక్కువ స్పానిష్‌లోనే. బీ1 (మధ్యస్థ) స్థాయి లేకుండా స్పానిష్ క్లాసులో కూర్చుంటే మొదటి నెలలో నోట్సు కూడా రాదు. హైదరాబాద్‌లోని ఇంగ్లీష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఇఫ్లూలో స్పానిష్ చదివి వచ్చేవాళ్లకు ఇది పెద్ద సమస్య కాదు. మిగతావాళ్లు బయల్దేరడానికి కనీసం ఆరు నెలల ముందు నుంచి చదవాలి.

మార్కులు ఎలా ఇస్తారు?

పదికి. 5 వస్తే పాస్, 7 నుంచి నోతాబ్లే, 9 నుంచి సొబ్రెసలియెంతే. ఆ పైన మత్రీకులా దె ఒనోర్ అనే ప్రత్యేక గౌరవం ఉంది, క్లాసులో అయిదు శాతానికి మించి ఇవ్వరు. 7ను మన కాలేజీలో నేరుగా 70 శాతంగా వేస్తే మీకు నష్టం. మార్పిడి పట్టిక ఏదో బయల్దేరే ముందే మీ కాలేజీ నుంచి రాతపూర్వకంగా తీసుకోండి.

సెమిస్టర్‌కు 30 క్రెడిట్లు పూర్తి భారం, ఒక్కో క్రెడిట్‌కు 25 నుంచి 30 గంటల పని. ప్రతి సబ్జెక్టుకూ ఒక వివరపత్రం ఉంటుంది, అందులో మార్కుల విభజన చదవండి. చివరి పరీక్షకు 60 శాతం, ప్రాక్టికల్స్‌కు 40 శాతం అని ఉంటే, ప్రాక్టికల్స్ ఎగ్గొట్టినవాళ్లకు చాలాసార్లు రెండో విడతలో కూడా ఆ 40 తిరిగి రాదు. సబ్జెక్టులు మార్చుకోవాలంటే మొదటి వారాల్లోనే. ఏ సబ్జెక్టులు చదువుతారో రాసుకునే లెర్నింగ్ అగ్రిమెంట్ మీద రెండు విశ్వవిద్యాలయాల సంతకాలూ మళ్లీ పడాలి, నోటిమాట చెల్లదు.

ఖర్చులకు పార్ట్‌టైమ్ పని సరిపోతుందా?

ఒక సెమిస్టర్‌కు వచ్చేవాళ్లు దాన్ని లెక్కలో వేసుకోవద్దు. గది, తిండి, ఫోను, చిన్నాచితకా కలిపి నెలకు 700 నుంచి 850 యూరోలు చేతిలో ఉంచుకుని రండి.

ఒంట్లో బాగోకపోతే?

అత్యవసరమైతే 112. చిన్నవాటికి ఆకుపచ్చ శిలువ గుర్తున్న ఫార్మసీకి వెళ్లండి, ఫార్మసిస్టు సలహా కూడా ఇస్తారు. రాత్రి తెరిచి ఉండే ఫార్మసీ పేరు మిగతావాటి తలుపుల మీద రాసి ఉంటుంది. యాంటీబయాటిక్స్ చీటీ లేకుండా ఇవ్వరు. మీ ఇన్సూరెన్స్ కంపెనీ సలమాంకాలో ఏ క్లినిక్‌తో పనిచేస్తుందో జబ్బు చేయకముందే చూసి ఉంచుకోండి.

వెళ్లిపోయేటప్పుడు డిపాజిట్ తిరిగి ఎలా తీసుకోవాలి?

దిగిన రోజే గదిలోని గీతలు, మరకలు, విరిగిన పెచ్చులు అన్నిటినీ ఫోటో తీసి యజమానికి వాట్సాప్‌లో పంపండి, తేదీ దానికదే పడుతుంది. ఖాళీ చేస్తున్నట్టు ఒప్పందంలో ఎన్ని రోజుల ముందు చెప్పమన్నారో అన్ని రోజుల ముందు రాతపూర్వకంగా చెప్పండి. కరెంటు, గ్యాస్ బిల్లులు వచ్చేదాకా ఆగి డబ్బు వేయడం ఇక్కడి రివాజు. తాళాలిచ్చాక నెల రోజుల్లోపు వేయమని అడగండి. ఆ నెలలో మీరు ఇండియాలో ఉంటారు. స్పెయిన్ ఖాతా మూసేసి వస్తే యజమాని విదేశీ బదిలీకి బద్ధకిస్తాడు, డబ్బు అలాగే ఆగిపోతుంది. అందుకే ఖాతాను డిపాజిట్ పడేదాకా తెరిచే ఉంచి, డబ్బు తీసుకున్నాకే యాప్‌లోంచి మూసేయండి.